నివురు కింది పొగ: 2015 ఇండోనేషియా మంటల మోడల్ డైరీ

రోజు 1

2015 సెప్టెంబరు, అక్టోబరు నెలలు. సుమత్రా దీవి, బోర్నియో దీవిలోని కాలిమంతన్. ఎల్ నినో వల్ల వానలు వెనకబడ్డాయి. తోటల కోసం కాలువలు తవ్వి నీళ్లు తోడేసిన పీట్ నేలలు ఎండిపోయి అంటుకున్నాయి. పీట్ అంటే వేల ఏళ్లుగా నీటిలో నాని, పూర్తిగా కుళ్లకుండా మీటర్ల లోతున పేరుకున్న ఆకులు, కొమ్మలు, వేళ్లు. ఒకసారి అంటుకుంటే పైకి మంట కనిపించదు, లోపల నెలల తరబడి రగులుతుంది. నివురుగప్పిన నిప్పు అనే మాట దీనికి అక్షరాలా సరిపోతుంది.

ఆ రెండు నెలల్లో ఈ మంటల నుంచి రోజుకు సగటున 1.13 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడిందని అంచనా. అదే కాలంలో యూరోపియన్ యూనియన్ మొత్తం శిలాజ ఇంధనాలు కాల్చి రోజుకు వదిలింది 89 లక్షల టన్నులు. పొగ సింగపూర్ దాకా వెళ్లింది. సెప్టెంబరు 25న అక్కడ బడులు మూసేశారు. ఆ ఏటి పొగ వల్ల ఇండోనేషియా, మలేషియా, సింగపూర్‌లలో లక్షకు పైగా అకాల మరణాలు సంభవించి ఉంటాయని 2016లో ఒక అధ్యయనం లెక్కగట్టింది.

ఇలాంటి లెక్కలన్నిటికీ అడుగున ఉండేది ఒకటే: ఎక్కడ, ఎప్పుడు, ఎంత పొగ లేచింది అనే పట్టిక. ఆ పట్టిక తప్పితే దాని మీద నిలబెట్టిన మోడల్ తప్పుతుంది, మరణాల అంచనా కూడా తప్పుతుంది. అందుకే ఈ ప్రాజెక్టులో ఆ పట్టికనే పట్టుకుని కూర్చోవాలనుకున్నాను.

సాధనాలు: జియోస్-కెమ్ మోడల్, అంటే గాలిలో వాయువులు, కణాలు ఎలా కదిలి ఎలా మారతాయో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం. ఆసియా మీద 0.5 × 0.625 డిగ్రీల గళ్లు, మెర్రా-2 వాతావరణ సమాచారం. మంటల ఉద్గారాలకు జీఫాస్. ఇది ఉపగ్రహం చూసిన మంట వేడిని బట్టి 0.1 డిగ్రీ గళ్లలో రోజువారీ ఉద్గారాలు ఇస్తుంది. పోల్చి చూడటానికి కాలిన విస్తీర్ణం మీద ఆధారపడే జీఫెడ్. జులై నుంచి ప్రపంచమంతటి రన్ ఒకటి మొదలుపెట్టాను, ఆసియా గళ్ల అంచుల్లో కావలసిన సరిహద్దు విలువలు అందులోంచి తీసుకోవాలి.

రోజు 3

ప్రపంచ రన్ నడుస్తోంది. ఈలోగా కాగితం మీద ఒక లెక్క వేశాను. చిన్న లెక్కే గానీ దాని తరువాత నిద్ర పట్టలేదు.

ఉపగ్రహానికి ఒక గడిలో 100 మెగావాట్ల వేడి కనిపించిందనుకుందాం. ఆ మంట గంటసేపు అలాగే ఉంటే వెలువడిన శక్తి 3,60,000 మెగాజౌళ్లు. జీఫాస్ పద్ధతిలో సవన్నా గడ్డి అయితే ఒక మెగాజౌల్‌కు 0.78 కిలోల పొడి పదార్థం కాలినట్టు. అంటే 281 టన్నులు. సవన్నాకు కిలోకు 63 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ చొప్పున వేస్తే సుమారు 18 టన్నులు.

ఇప్పుడు అదే వేడి, అదే గంట, కానీ కింద ఉన్నది పీట్. మెగాజౌల్‌కు 5.87 కిలోలు. కాలినది 2,113 టన్నులు. పీట్‌కు కిలోకు 210 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్. వచ్చేది 444 టన్నులు.

ఉపగ్రహానికి కనిపించిన వేడి ఒక్కటే. పొగ మాత్రం 25 రెట్లు. నేల కింద రగిలే మంట వేడిలో ఎక్కువ భాగం పైకి కనిపించదు కాబట్టి ఆ 5.87 అంత పెద్దదిగా ఉంది. లాబ్‌లో గడ్డీ పుల్లలూ తూచి కాల్చినప్పుడు వచ్చిన సంఖ్య మెగాజౌల్‌కు 0.368 కిలోలు మాత్రమే. ఆ రెండు సంఖ్యల మధ్య దూరంలో చాలా భాగం మనం చూడలేని వేడికి కట్టిన అంచనా.

అంటే ఒక గడి పీట్ నేలా కాదా అని పటంలో గీసిన గీత అటూ ఇటూ జరిగితే చాలు, ఆ గడిలో పొగ 25 రెట్లు మారిపోతుంది.

రోజు 6

మొదటి పూర్తి రన్ వచ్చింది. కార్బన్ మోనాక్సైడ్ దక్షిణ కాలిమంతన్ మీద నమ్మలేనంత ఎక్కువ. కాసేపు సంతోషించాను కూడా, మోడళ్లు ఎప్పుడూ తక్కువే చూపిస్తాయని చదివాను కాబట్టి.

తరువాత ఉద్గారాల ఫైలు తెరిచి చూస్తే సంగతి తెలిసింది. మోడల్‌కు ఉద్గారాలు అందించే హెమ్‌కో అనే భాగం కాన్ఫిగరేషన్‌లో జీఫాస్ ఆన్ చేశాను గానీ జీఫెడ్ ఆఫ్ చేయలేదు. రెండూ కలిసిపోయాయి. ఒకే మంటను రెండుసార్లు లెక్కపెట్టాను. తప్పు పూర్తిగా నాదే.

ఇకనుంచి ఏ రన్ మొదలుపెట్టినా ముందు ఒక్కరోజుకు ఉద్గారాలు మాత్రమే నడిపి, మొత్తం టన్నులు కూడి, మూల ఫైలులోని మొత్తంతో సరిచూస్తాను. పది నిమిషాల పని. దాన్ని వదిలేసినందుకు మూడు రోజుల రన్ పోయింది.

రోజు 11

సరిచేసిన రన్. టెర్రా ఉపగ్రహం మీది మోపిట్ పరికరం కొలిచిన కార్బన్ మోనాక్సైడ్‌తో పోల్చాను. పోల్చేముందు మోడల్ విలువలను మోపిట్ చూపు ఎలా ఉంటుందో అలా మార్చుకోవాలి, ఎందుకంటే ఆ పరికరం అన్ని ఎత్తులనూ ఒకే తీరుగా చూడదు. అది చేశాక కూడా మోడల్ తక్కువగానే ఉంది, అక్టోబరులో మరీ.

కార్బన్ మోనాక్సైడ్‌తోనే ఎందుకు మొదలుపెట్టానంటే, అది గాలిలో నెలా రెండు నెలలు ఉంటుంది. వానకు కొట్టుకుపోదు. కాబట్టి తేడా కనిపిస్తే అనుమానం ముందు ఉద్గారాల మీదికే పోవాలి. పొగ కణాలతో మొదలుపెడితే ఉద్గారం తప్పా, వాన తప్పా, తేమ తప్పా అని తేల్చలేం.

ఇదే గ్రూపులో పనిచేసే సీనియర్ ఒకాయన గ్రాఫు చూసి, "అన్నిటినీ రెండుతో హెచ్చించేయండి, కలుస్తుంది. అందరూ చేసేదే కదా" అన్నారు.

"కలుస్తుంది సార్, కానీ ఎందుకు కలిసిందో తెలియదు కదా" అన్నాను.

ఆయన అన్నది గాలిమాట కాదు. జీఫాస్ తయారు చేసినవాళ్లే 2012లో, మోడల్‌లో పొగ కణాలు ఉపగ్రహం చూసిన మసకతో కలవాలంటే కణాల ఉద్గారాలను 3.4తో హెచ్చించమని సిఫారసు చేశారు. జీఫాస్, జీఫెడ్ లాంటి వేర్వేరు ఉద్గారాల జాబితాలు ఎంత దూరంగా ఉంటాయో చూస్తే ఆశ్చర్యం కూడా అనిపించదు: 2008 సంవత్సరానికి ఆరు జాబితాలను పక్కపక్కన పెడితే, పొగలోని సేంద్రియ కార్బన్ మొత్తం కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య 3.8 రెట్ల తేడా ఉంది. అయినా ఒక్క సంఖ్యతో అన్నిటినీ హెచ్చించడానికి మనసు ఒప్పలేదు. అది సరైన పని కాదని చూపించగలనా అన్నదే ఇప్పటినుంచి నా ప్రశ్న.

రోజు 16

చూపించగలిగాను. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన రోజు ఇదే.

2015 మంటల సమయంలోనే మధ్య కాలిమంతన్‌లో శాస్త్రవేత్తలు రగులుతున్న పీట్ పక్కనే నిలబడి పొగను కొలిచారు. కిలో పీట్‌కు 291 గ్రాముల కార్బన్ మోనాక్సైడ్ వచ్చింది. జాబితాల్లో ఉన్నది 210. పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల్లోకి పోయే అతి సన్నని కణాలు, సగటున 17.3 గ్రాములు, జాబితాల్లో 9.1. అంటే దాదాపు రెట్టింపు. మీథేన్ మాత్రం 9.5 గ్రాములే, జాబితాల్లో 20.8.

ఇది చూశాక ఆ "రెండుతో హెచ్చించడం" ఏం చేస్తుందో స్పష్టంగా కనిపించింది. కార్బన్ మోనాక్సైడ్ అవసరానికి మించి పెరుగుతుంది. పొగ కణాలు కాకతాళీయంగా సరిపోతాయి. సగానికి తగ్గించాల్సిన మీథేన్ రెట్టింపవుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా కారణం లేకుండా పెరిగి ఓజోన్‌ను చెడగొడతాయి. గ్రాఫు కలుస్తుంది, గాలి కలవదు.

కాబట్టి పీట్ గడులను మాత్రం ఎంచుకుని, ఒక్కో పదార్థాన్నీ విడివిడిగా మార్చాలి. అయితే నా దగ్గరున్న ఉద్గారాల ఫైలులో ఏ గడి పీటో రాసి లేదు. దానికి ఒక ఉపాయం దొరికింది. ప్రతి గడిలో కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌తో భాగించాను. పీట్ అయితే 210 బై 1703, అంటే 0.12 చుట్టూ రావాలి. అడవి అయితే దాంట్లో సగం, గడ్డి అయితే ఇంకా తక్కువ. పటం వేసి చూస్తే గడులు వేర్వేరు గుంపులుగా విడిపోయాయి. తయారు చేసినవాళ్లు ఏ గడిని ఏ నేలగా తీసుకున్నారో ఫైలే చెప్పేసింది.

ఆ గుంపును మాస్క్‌గా (ఏ గడులకు మార్పు వర్తించాలో చెప్పే పటంగా) మార్చి హెమ్‌కోకు ఇచ్చాను. కార్బన్ మోనాక్సైడ్‌కు 1.39, సేంద్రియ కణాలకు 1.9, మీథేన్‌కు 0.46. నైట్రోజన్ ఆక్సైడ్లను ముట్టుకోలేదు.

రోజు 20

కార్బన్ మోనాక్సైడ్ చాలా దగ్గరికి వచ్చింది. అక్టోబరు రెండో సగంలో ఇంకా కొంచెం లోటు. అప్పటికి పొగ మరీ దట్టమై, జీఫాస్‌కు మంటల వేడిని అందించే ఉపగ్రహ పరికరం మోడిస్‌కు మంటలే కనిపించని రోజులు ఉండి ఉంటాయి. జీఫాస్ కనిపించని గడులకు ముందు రోజు విలువను వాడుకుంటుంది గానీ, కొత్తగా అంటుకున్న చోటు దానికి ఎలా తెలుస్తుంది?

రోజు 22

సింగపూర్ గంటగంటకూ కొలిచిన పీఎం 2.5 విలువలతో పోలిక. సగటు బాగానే ఉంది. కానీ గంటల వారీగా చూస్తే ఆకారం తేడా. కొలతల్లో రాత్రీ తెల్లవారుజామునా పొగ బరువెక్కిన రోజులు చాలా ఉన్నాయి. నా మోడల్‌లో ఆ వేళల్లో పలచగా ఉంది.

కారణం రెండు పొరలుగా దొరికింది. మొదటిది నా పొరపాటు. జీఫాస్ రోజుకు ఒక విలువ ఇస్తుంది కదా అని, మధ్యాహ్నం రెండింటికి శిఖరం ఉండే రోజువారీ వంపు ఒకటి జోడించాను. దాన్ని గ్రీనిచ్ కాలంలో రాశాను: 07 గంటలకు శిఖరం. కానీ కాన్ఫిగరేషన్ ఫైలులోనే నేరుగా రాసే 24 గంటల గుణకాలను హెమ్‌కో స్థానిక కాలంగా తీసుకుంటుంది. దాంతో నా మంటలు ఉదయం ఏడింటికే ఉధృతంగా లేచాయి. సరిచేశాను.

సరిచేస్తే రాత్రి ఇంకా పలచబడింది! అప్పుడు అర్థమైంది, అసలు తప్పు వంపులోనే ఉందని. మధ్యాహ్నం శిఖరం, రాత్రికి దాదాపు సున్నా అనేది గడ్డి మంటల తీరు. ఎండకు గడ్డి ఎండుతుంది, గాలి లేస్తుంది, మంట పరుగెత్తుతుంది, చీకటి పడితే చల్లారుతుంది. పీట్‌కు పగలూ రాత్రీ లేవు. నేల కింద దాని వేడి దానికి ఉంటుంది.

ఈ తేడా మొత్తం టన్నుల్లో ఏమీ మార్చదు. నేల దగ్గర పీల్చే గాలిలో మాత్రం చాలా మార్చేస్తుంది. పగలు నేల వేడికి గాలి కిలోమీటరు పైదాకా కలిసిపోతుంది. రాత్రి ఆ కలిసే పొర వంద రెండు వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. అదే పొగను పెద్ద గదిలో వదలడానికీ, తలుపులు మూసిన చిన్న గదిలో వదలడానికీ ఉన్నంత తేడా. రాత్రి పొగను పగటికి జరిపితే, మనుషులు నిద్రపోతూ పీల్చిన గాలిని మోడల్‌లో శుభ్రం చేసేసినట్టే.

పీట్ గడులకు వంపు తీసేసి 24 గంటలూ సమానంగా పంచాను. మిగతా గడులకు మధ్యాహ్నపు శిఖరం అలాగే ఉంచాను. తెల్లవారుజాము పొగ వెనక్కి వచ్చింది. ఒక్క గ్రాము కూడా పెంచకుండానే.

రోజు 23

ఎత్తు సంగతి కూడా ఇప్పుడే తేల్చేశాను. పెద్ద అడవి మంటల వేడికి పొగ కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. 2019-20 ఆస్ట్రేలియా మంటల పొగ ముద్ద ఒకటి స్ట్రాటోస్ఫియర్‌లో 35 కిలోమీటర్ల దాకా వెళ్లింది. పీట్‌కు అంత బలం లేదు, పొగ నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. పీట్ ఉద్గారాలన్నీ కింది పొరలోనే వదిలాను. దీని మీద ఇంతకంటే సమయం పెట్టనక్కర్లేదు.

రోజు 29

ఈ వారమంతా కొలతలతోనే గొడవ. పలంగ్‌కరాయాలో ఏరోనెట్ కేంద్రం ఉంది, సూర్యుడి వైపు చూసి గాలిలో మసక ఎంతో కొలుస్తుంది. పాత వెర్షన్ 2 డేటాలో పొగ బాగా దట్టంగా ఉన్న రోజులే మాయం. అంత మసకగా ఉంటే అది మేఘమే అని వడపోత తీసిపారేసింది. వెర్షన్ 3లో అలాంటివి చాలా వరకు తిరిగి వచ్చాయి. మోడిస్ మసక పటాల్లోనూ ఇదే ఇబ్బంది, పొగ నడిమధ్యన తెల్లటి ఖాళీలు.

అంటే పొగ మరీ ఎక్కువైన చోటే కొలత ఉండదు. అలాంటి డేటాతో సగటు తీసి మోడల్‌తో పోలిస్తే, మోడల్ ఎక్కువ చూపిస్తోందని అనిపిస్తుంది. నిజానికి కొలతే తక్కువ రోజులు చూసింది. కాబట్టి ఏ రోజు ఏ గంటకు కొలత ఉందో, మోడల్ నుంచి కూడా ఆ గంటలే తీసి పోల్చాను. లేని గంటలను విడిగా లెక్కపెట్టి గ్రాఫు కింద రాస్తున్నాను. అవి కనిపించకుండా పోకూడదు.

ఇంకొకటి: మోడల్ ఇచ్చేది సేంద్రియ కార్బన్ బరువు, తూకంలో పడేది మొత్తం సేంద్రియ పదార్థం. కార్బన్‌తో పాటు ఆక్సిజన్, హైడ్రోజన్ కూడా ఉంటాయి కాబట్టి 2.1తో హెచ్చించాకే పీఎం 2.5తో పోల్చాలి. ఇది పొగను పెంచే గుణకం కాదు, కొలమానం మార్పు. ఈ రెంటినీ కలిపేసుకోవడం చాలా సులువు, అందుకే రాసి పెట్టుకుంటున్నాను.

రోజు 35

ఓజోన్. దీనికి భయపడుతూనే వచ్చాను.

పొగలో ఓజోన్ తయారీకి కావలసినవన్నీ ఉంటాయి: నైట్రోజన్ ఆక్సైడ్లు, కర్బన వాయువులు, ఎండ. కానీ పాళ్లే అన్నీ తేలుస్తాయి. సవన్నా మంట కిలోకు 3.9 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలితే పీట్ వదిలేది 1 గ్రాము. నెమ్మదిగా, తక్కువ వేడితో కాలినప్పుడు అందులోని నైట్రోజన్ అమోనియాగా, హైడ్రోజన్ సయనైడ్‌గా ఎక్కువ పోతుంది. కాబట్టి పీట్ పొగలో ఓజోన్ పుట్టడానికి నైట్రోజన్ ఆక్సైడ్లే కరువు. నా మోడల్ మాత్రం అడవీ గడ్డీ కాలే గడుల దగ్గర ఓజోన్‌ను గట్టిగా పెంచుతోంది.

మూడు పరీక్షలు చేశాను. మొదటిది, పొగ నీడ. కాంతి రసాయన చర్యల లెక్కలో కణాల ప్రభావాన్ని ఆపేసి ఒక రన్, ఉంచి ఒక రన్. ఉంచితే నేల దగ్గర ఓజోన్ తగ్గింది. నైట్రోజన్ డయాక్సైడ్‌ను విడగొట్టే కాంతినే పొగ అడ్డుకుంటోంది. రెండోది, ఓజోన్ తయారీలో పాలుపంచుకునే హైడ్రోపెరాక్సీ రాడికళ్లు కణాల మీద అతుక్కుని పోవడం. మోడల్‌లో ఆ గుణకం 0.2. దాన్ని సున్నా చేస్తే ఓజోన్ లేచింది. అంత దట్టమైన పొగలో ఈ ఒక్క సంఖ్యకు ఇంత పట్టు ఉందని ముందు ఊహించలేదు. కణాల ఉద్గారాలను రెట్టింపు చేస్తే దీని దారిన గాలిలోని వాయువులు కూడా మారతాయి. పీఎం వేరు, ఓజోన్ వేరు అని విడదీసి చూడటం పొగలో కుదరదు.

మూడోది అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది. నిజమైన పొగ చారలో నైట్రోజన్ ఆక్సైడ్లు కొద్ది గంటల్లోనే పాన్ అనే పదార్థంగా, నైట్రిక్ ఆమ్లంగా మారిపోతాయి. నా గడి యాభై కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు. పొగ వదిలిన క్షణమే గడి అంతా పలచగా కలిసిపోతుంది, ఆ తొలి గంటల రసాయనం జరగనే జరగదు. దీనికి పాత అధ్యయనాల్లో ఒక దారి ఉంది: నైట్రోజన్ ఆక్సైడ్లలో 40 శాతాన్ని పాన్‌గా, 20 శాతాన్ని నైట్రిక్ ఆమ్లంగా మొదట్లోనే వదలడం. అలా చేస్తే మంటల దగ్గర ఓజోన్ దిగింది, దూరంగా కొంచెం పెరిగింది. పాన్ చల్లని ఎత్తుల్లో నిలకడగా ప్రయాణించి, కిందికి దిగి వేడెక్కిన చోట విడిపోయి నైట్రోజన్ డయాక్సైడ్‌ను తిరిగి ఇస్తుంది కదా.

కానీ ఆ 40, 20 పాళ్లు చల్లని ఉత్తర అడవుల పొగ కొలతల నుంచి వచ్చినవి. భూమధ్యరేఖ దగ్గరి వేడి గాలిలో పాన్ నేల దగ్గర గంట కూడా నిలవదు. ఇక్కడ అదే పాళ్లు వాడటం నాకు పూర్తిగా సమ్మతం కాదు. షాడోజ్ అనే ఓజోన్ కొలతల నెట్‌వర్క్‌లోని కౌలాలంపూర్ కేంద్రం వదిలిన ఓజోన్ బెలూన్లతో పోల్చాను గానీ, ఈ రెండు నెలల్లో అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఏ రన్ గెలిచిందో చెప్పడానికి చాలవు. కాబట్టి ఫలితాల్లో రెండు రన్‌లూ ఇస్తున్నాను.

రోజు 41

మళ్లీ పీట్ గీత దగ్గరికి. రోజు 16న తయారు చేసిన మాస్క్ అంచుల్లో ఉన్న గడులను తీసి, పీట్ అయితే ఒక రన్, పీట్ కాకపోతే ఒక రన్ చేశాను. అంచు గడుల సంఖ్య తక్కువే. అయినా దక్షిణ సుమత్రాలో గాలి ఆగ్నేయం నుంచి వాయవ్యానికి వీచిన రోజుల్లో సింగపూర్ పీఎం 2.5 ఈ రెండు రన్‌ల మధ్య స్పష్టంగా ఊగింది. రోజు 3 నాటి 25 రెట్లు కాగితం మీది నుంచి దిగి ఒక నగరపు గాలిలోకి వచ్చింది.

ఒక అనుమానం ఇంకా అలాగే ఉంది, లోతు. 1997 మంటల తరువాత మధ్య కాలిమంతన్‌లో కొలిస్తే సగటున అర మీటరు పీట్ కాలిపోయింది. వేడిని చూసే ఉపగ్రహానికీ, కాలిన విస్తీర్ణాన్ని చూసే ఉపగ్రహానికీ ఈ అర మీటరు కనిపించదు. ఒకసారి కాలిన చోట రెండోసారి తక్కువ లోతే కాలుతుందని కూడా అంటారు, పైనున్న సులువుగా మండే పొర అప్పటికే పోయి ఉంటుంది కాబట్టి. దాన్ని ఈ లెక్కలోకి తేవాలంటే ఏ గడి ఎన్నోసారి కాలిందో తెలియాలి. జీఫెడ్‌లో 1997 నుంచి ఉన్న నెలవారీ మంటల చరిత్ర దించుకుంటున్నాను.

మొదటిసారి కాలిన పీట్, మళ్లీ కాలిన పీట్ అని మాస్క్‌ను రెండుగా చీల్చి ఉద్గారాల ఫైలు మళ్లీ రాశాను. ఒక్కరోజు పరీక్ష రన్ అయింది, టన్నులు మూల ఫైలుతో సరిపోయాయి. సెప్టెంబరు ఒకటి నుంచి పూర్తి రన్ క్యూలో పెట్టాను.